సీసా బండి

ఆరేళ్లు ఒకే బస్సు నడిపిన డ్రైవరుకి తన బండిని పోల్చుకోవడం పెద్ద పనేమీ కాదు. గుంపులో గంటలు కట్టిన ఆవును పోల్చుకున్నంత తేలిక. అయినా ఆ ఎండాకాలం మొదట్లో, ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్లి డిపో ఆవరణంతా రెండుసార్లు తిరిగాను. నా బండి కనిపించలేదు. చివరికి వాచ్‌మన్ నవ్వి, "ఎదురుగా పెట్టుకుని ఎక్కడ వెతుకుతావయ్యా!" అన్నాడు.

ఎదురుగా ఒక సీసా ఉంది. బస్సంత పొడుగు బీరు సీసాని పక్కకి పడుకోబెట్టినట్టు, ఈ చివర నుంచి ఆ చివర దాకా స్టిక్కరు అంటించేశారు. సీసా అడుగు వెనక చక్రం దగ్గర, మెడ ముందుకి సాగి, మూత సరిగ్గా నా తలుపు పక్కన. కిటికీ అద్దాలు కూడా అందులో కలిసిపోయాయి. గాజు మీద చల్లటి నీటిబొట్లు, ఒక్కొక్కటి నా అరచెయ్యంత. వాటి మీద మనిషెత్తు అక్షరాలతో ఒకే మాట: "రోజంతా కష్టపడ్డావ్ కదా!"

అది చదివి నిలబడ్డచోటే నిలబడిపోయాను. ఆ మాట కంపెనీవాళ్లు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో గాని, పదేళ్లపాటు మా ఆవిడ ముందు నేను పెట్టుకున్న అర్జీ అదే. సాయంత్రం ఇంట్లో కాలు పెట్టగానే, "రోజంతా కష్టపడ్డాను కదే, ఒక్కటి" అనేవాణ్ణి. ఒక్కటి ఏనాడూ ఒక్కటితో ఆగలేదు. నేను మానేసి ఆ రోజుకి ఏడు నెలల పన్నెండు రోజులు.

మానేసిన సంగతి డిపోలో ఎవరికీ తెలియదు. తాగిన సంగతి తెలిస్తే కదా మానిన సంగతి తెలియడానికి! డ్యూటీలో చుక్క ముట్టేవాణ్ణి కాదు. వైద్యానికి నెలరోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నాకు కామెర్లని సెలవుచీటీ రాసి పంపింది మా ఆవిడ. తాగుడు జబ్బుందని కాగితం మీద పడితే డ్రైవరు సీటు పోతుంది. అది రూలు. మంచి రూలే. నా కూతురు ఎక్కే బస్సు నాలాంటివాడు నడుపుతున్నాడంటే నేనే ఒప్పుకోను. కానీ ఆ సీటు నాది, దాని మీదే మా ఇల్లు నడుస్తోంది.

మా కండక్టరు ముప్పై ఏళ్ల అమ్మాయి, నన్ను అన్నా అని పిలుస్తుంది. బండిని చూసి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంటన్నా ఇది? నేను టిక్కెట్లు కొట్టాలా, మూతలు తియ్యాలా?" అంది.

నవ్వాను. ఆ రోజు నుంచి అందరితోపాటు నవ్వడం నాకొక ఉద్యోగం అయిపోయింది.

వారం తిరక్కుండానే ఊళ్లో నా బండికి పేరొచ్చింది. స్టాపుల్లో జనం "సీసా బండి వస్తోంది, లేవండి" అనుకునేవాళ్లు. రోజూ ఎక్కే బ్యాంకు గుమాస్తా ఒకాయన అడుగు లోపల పెడుతూనే, "ఏమయ్యా, పొద్దున్నే ఓపెన్ చేశావా?" అనేవాడు. నేను హారను కొట్టి జవాబు చెప్పేవాణ్ణి. జనం నవ్వేవాళ్లు. పాపం, వాళ్లకేం తెలుసు.

బస్సు లోపలున్నవాడికి బయటి బొమ్మ కనపడదు కదా, ఏముందిలే అనుకున్నాను. కానీ బజారు మలుపులో ఒక సామాన్ల షోరూము ఉంది. నాలుగంతస్తుల ఎత్తు, నిండా అద్దమే. ఆ మలుపు తిరిగేటప్పుడు నా బస్సు మొత్తం ఆ అద్దంలో కనిపిస్తుంది. మొదటి వారం మలుపు రాగానే కళ్లు రోడ్డు మీదికి తిప్పుకున్నాను. రెండో వారం ఒక్కసారి చూశాను. మూడో వారానికి మలుపు ఎప్పుడొస్తుందా అని రెండు స్టాపుల ముందునుంచే నా నాలుక తడి ఆరడం మొదలైంది. రోజుకి ఎనిమిది ట్రిప్పులు. పోను ఎనిమిదిసార్లు, రాను ఎనిమిదిసార్లు. ఎర్రటి ఎండలో, ఇంజను వేడికి కాళ్లు ఉడికిపోతుంటే, ఆ అద్దంలో చల్లటి సీసా ఒకటి మెల్లగా నా పక్కనే వచ్చేది. మూత దగ్గర కూర్చుని స్టీరింగు తిప్పుతున్నవాణ్ణి నేనే.

కంట్రోలరు దగ్గరికి వెళ్లాను. డిపోలో ఎవరికి ఏ బండి ఇవ్వాలో నిర్ణయించేది ఆయనే.

"బండి మార్చండి సార్. సీటు పడటం లేదు, నడుం పట్టేస్తోంది."

"ఆరేళ్లు పట్టని నడుం ఇప్పుడు పట్టిందా?"

"వయసు మీద పడింది సార్."

ఆయన ఏదో రాసుకున్నాడు. మూడోరోజు వెళ్లేసరికి నా బండిలో కొత్త సీటు బిగించి ఉంది. స్ప్రింగులు, మెత్త, తల ఆనించుకోవడానికి దిండు. డిపోలో ఎవరికీ లేని సీటు. మళ్లీ వెళ్లి క్లచ్ గట్టిగా ఉందన్నాను. కొత్త క్లచ్ వేయించారు. అద్దాలు అదురుతున్నాయన్నాను. రబ్బర్లు మార్పించారు. నెల తిరిగేసరికి నా బండంత మంచి బండి డిపో మొత్తంలో లేదు. తోటి డ్రైవర్లు చూసి కుళ్లుకున్నారు. నాలుగోసారి వెళితే కంట్రోలరు పెన్ను పక్కన పెట్టాడు.

"చూడు, కంపెనీవాళ్లు సీజను మొత్తానికి ఒప్పందం రాసుకున్నారు. మంచి డ్రైవరు కావాలన్నారు. ఒక్క యాక్సిడెంటు లేనివాడు, చొక్కా మాయనివాడు. నేనే నీ పేరు చెప్పా. మంచి చేస్తే మొహం ఇలా పెడతావేంటయ్యా?"

చెబుదామని నోరు తెరిచాను. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఎండాకాలం మా ఆవిడకి ఊపిరాడని కాలం. స్కూళ్లు తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. ఇల్లంతా నీలం గుడ్డ పరుచుకుని ఉండేది, నడవడానికి గోడ పక్కన జానెడు దారి మిగిలేది. ఆ సాయంత్రం గోడకి ఆనుకుని నిలబడి అంతా చెప్పాను. అద్దం సంగతి కూడా చెప్పాను. ఆవిడ మిషను ఆపింది.

"రుచి గుర్తొస్తోందా?"

"రుచి ఎప్పుడూ మర్చిపోలేదు. ఇప్పుడు అది నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది."

ఆవిడ దారం చివర వేలికి చుట్టుకుంది. "ఇంకో రెండు నెలలండీ. వానలు మొదలైతే అది తీసేస్తారు. నిజం చెప్పారనుకోండి, కామెర్ల కాగితం బయటికి తీస్తారు. అది రాసింది నేను." చివరి మాట దగ్గర గొంతు తగ్గింది. "రెండు నెలలు పళ్ల బిగువున ఉండలేరా?"

"ఉంటాను" అన్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉండకేం చేస్తాను.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్లు. ఈ మాటలు విననట్టే గుండీలు ఏరుతోంది. మర్నాటి నుంచి నేను రాగానే, "చొక్కా ఇవ్వు నాన్నా, తడిపేస్తా" అని ఎదురొచ్చేది. ఏనాడూ లేని ప్రేమ ఏమిటా అనుకున్నాను. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. పెరట్లో నిలబడి ఆ చొక్కాని ముక్కుకి ఆనించుకుని గట్టిగా ఊపిరి పీలుస్తోంది. ఒకసారి కాలరు దగ్గర, ఒకసారి జేబు దగ్గర. తర్వాత బకెట్లో వేసింది. నేను తేలు కుట్టిన దొంగలా వెనక్కి తగ్గాను.

తాగుడు మానినవాళ్లం ఒక పదిమందిమి ఆదివారాలు ఒక సైకిలు షాపు మేడ మీద గదిలో కలిసేవాళ్లం. మాలో పెద్దవాడు ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇరవై ఆరేళ్లుగా చుక్క ముట్టలేదు. అందరూ వెళ్లాక ఆయనకి చెప్పుకున్నాను.

"షాపులో ఉన్న సీసాతో నాకు భయం లేదు నాయనా" అన్నాడాయన. "నేను నడిచి వెళితేగాని అది నా చేతికి రాదు. నీ సీసా నిన్నే మోసుకుని తిరుగుతోంది. దిగిపో."

"దిగితే కూడు పోతుంది పెద్దయ్యా."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. అరిగిపోయిన గోళ్లతో ఆ చెయ్యి ఎంత స్థిమితంగా ఉందో చూసి నాకు ఏడుపొచ్చింది.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం మూడు గంటల ట్రిప్పుకి నేను చివరి స్టాండులో బండి ఆపేసరికి ఒక వ్యాను, ఇద్దరు కుర్రవాళ్లు, కెమెరా పట్టుకున్న ఒక అమ్మాయి నాకోసం ఎదురుచూస్తున్నారు. డిపో మేనేజరు సంతకం పెట్టిన కాగితం చూపించారు. బస్సు పక్కన నిలబడి ఒక్క ఫోటో దిగాలట.

"ఇక్కడ సంతకం పెట్టండన్నా. ఊరికే, పద్ధతి కోసం."

పెట్టాను. చదవలేదు. పన్నెండు నిమిషాల హాల్టు, అందులో నాలుగు అప్పుడే అయిపోయాయి. కుర్రవాడు ఐసుపెట్టెలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని నేను పట్టుకున్నాననడం కూడా సరికాదు. ఎనిమిదిన్నర నెలల తర్వాత కూడా నా వేళ్లు ఎక్కడ ఉండాలో అక్కడికి వాటంతట అవే వెళ్లాయి. మణికట్టు మీదుగా చల్లటి నీళ్లు మోచేతి దాకా జారాయి.

"కొంచెం నవ్వండి" అంది అమ్మాయి. "అలా కాదన్నా. డ్యూటీ దిగేశారు. ఇంటికెళుతున్నారు. ఇది మీకోసమే."

నేను సీసా వంక చూశాను. ఆమె వరసగా నాలుగుసార్లు నొక్కి, కెమెరాలో చూసుకుని, "అబ్బ!" అంది. "నెలరోజుల్నుంచి ఈ మొహం కోసమే వెతుకుతున్నామన్నా. మోడళ్లకి ఎంత చెప్పినా రాదు."

వెళుతూ వెళుతూ, "ఉంచుకోండన్నా, డ్యూటీ అయ్యాక" అన్నాడు కుర్రవాడు. వద్దు అనడానికి రెండక్షరాలు చాలు. నేను అనలేదు. తుడుపుగుడ్డలో చుట్టి సీటు వెనక పనిముట్ల పెట్టెలో పెట్టాను.

ఆ ట్రిప్పంతా స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా పెట్టెలోంచి టింగుమని చప్పుడు. కండక్టరు, "ఏంటన్నా మోగుతోంది?" అంది. "పానా" అన్నాను. బజారు మలుపులో అద్దం వంక చూడలేదు. ఇప్పుడు చూడాల్సిన అవసరం లేదు.

ఇటు చివర స్టాండులో కండక్టరు కాగితాల మీద ముద్ర వేయించుకోవడానికి ఆఫీసు గదికి వెళ్లింది. నేను తుడుపుగుడ్డ చుట్ట చంకలో పెట్టుకుని మరుగుదొడ్ల గోడ వెనక్కి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో గుడ్డ ఒక్కటే ఉంది.

సీట్లో కూర్చున్నాను. ఇంజను స్టార్టు చేశాను. జనం ఎక్కారు. లోపలి అద్దంలోకి చూస్తే నలభై మంది దాకా ఉన్నారు. టిక్కెట్లతో విసురుకుంటున్నారు. ఇద్దరు ముసలివాళ్లు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటున్నారు. ఒకావిడ భుజం మీద పిల్ల నిద్రపోతోంది. నా చేతులు వణకడం లేదు. కళ్లు తిరగడం లేదు. ఒంట్లో ఎక్కడో ముడి విప్పినట్టు హాయిగా ఉంది. బండిని డిపో దాకా వెంట్రుకవాసి తేడా రాకుండా నడిపేయగలను. ఎవరికీ తెలియదు కూడా. రేపు కూడా నడపగలను. ఎల్లుండి కూడా. అది తలుచుకునేసరికి నాకు భయమేసింది.

ఇంజను ఆపేశాను.

"ఏమైందన్నా?" అంటూ కండక్టరు ముందుకి వచ్చింది.

"అందర్నీ దింపెయ్యమ్మా. నేను నడపకూడదు. తాగాను."

ముందు సీట్లో కూర్చున్న బ్యాంకు గుమాస్తా విన్నాడు. "వినండహో! సీసా బండి డ్రైవరు తాగాడట!" అని కేకేశాడు. బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. "మా వాటా ఏదయ్యా?" అన్నారెవరో వెనకనుంచి. "మూత ఇటు తిప్పండి!" అన్నారింకెవరో. పిల్ల నిద్రలేచి, అందరూ నవ్వుతున్నారని అదీ నవ్వింది. నేను లేచి వాళ్లకేసి తిరిగి, "నిజంగానండీ" అన్నాను. ఇంకా నవ్వారు.

కండక్టరు నవ్వలేదు. నాకు బాగా దగ్గరగా వచ్చి నిలబడింది. ఆమె ముఖం మారిపోయింది.

"వడదెబ్బ తగిలిందని రాస్తా" అంది, ఎవరికీ వినపడకుండా. "పోయి మొహం కడుక్కో. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."

ఎంత మంచి మాట! ఆ మాటకి ఆ అమ్మాయి కాళ్లకి దండం పెట్టొచ్చు. సరేనని తల ఊపబోయాను కూడా.

"ఒక జబ్బు పేరు ఇదివరకే వాడేసుకున్నానమ్మా" అన్నాను. "రెండోది వద్దు. ఉన్నదున్నట్టు రాసెయ్."

తాళాలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె పెన్ను మూత తియ్యకుండా నిలబడింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను మనిషిని కాను. ఎక్కడెక్కడ తాగానో, ఎవరు ఇంటికి చేర్చారో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పరు. నాలుగోరోజు పొద్దున మా ఆవిడ నాకు తలస్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, డిపోకి తనే తీసుకెళ్లింది. మేనేజరు ముందు నేను నోరు తెరవకముందే, "కామెర్ల కాగితం రాసింది నేనండీ. ఈయనకేం తెలీదు" అంది. అది కూడా అబద్ధమే. మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడు కాదు. ఉద్యోగం తియ్యలేదు, స్టీరింగు తీసేశాడు. నన్ను టైర్ల సెక్షన్లో వేశారు. గాలి చూడటం, నట్లు బిగించడం, చక్రం విప్పడం. బస్సు కింద పడుకుంటే ఏ బొమ్మా కనపడదు. అదొక సుఖం.

ఇంట్లో పెద్దగా గొడవేం జరగలేదు. మా ఆవిడ నాతో అవసరమైనంతే మాట్లాడేది. యూనిఫారాలకి తోడు దిండు గలేబులు కూడా ఒప్పుకుంది. నడవడానికున్న జానెడు దారి కూడా పోయింది. నేను మళ్లీ ఒకటి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. పద్దెనిమిదో రోజున మా అమ్మాయి సంచీ గుమ్మంలోనే పడేసి, "నాన్నా, నువ్వు బస్టాపులో ఉన్నావు" అంది.

ముగ్గురం వెళ్లాం. స్టాపు గోడ నిండా నేను. యూనిఫారం, టోపీ, చేతిలో సీసా. మామూలు మనిషికి మూడింతలున్నాను. వెనకాల సూర్యుడు దిగిపోతున్నట్టు వాళ్లు గీసుకున్నారు. ఆ ముఖంలో ఉన్న ఆనందం నా పెళ్లి ఫోటోలో కూడా లేదు. మా ఆవిడ అదే చూస్తోందని నాకు అర్థమైంది. బెంచీ మీద బస్సు కోసం కూర్చున్నవాళ్లు ఒకసారి బొమ్మని, ఒకసారి నన్ను చూశారు.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అంది మా ఆవిడ.

"మా స్కూలు దగ్గర ఒకటుంది" అంది అమ్మాయి. "ఆస్పత్రి ముందు కూడా."

ప్రకటనల ఆఫీసుకి వెళ్లాం. ఫోటో తీసిన అమ్మాయే ఎదురొచ్చి కుర్చీలు వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. మా ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు.

"ఈయన అది మానడానికి చచ్చి బతుకుతున్నాడమ్మా. ఈయన మొహమే పెట్టి అందర్నీ తాగమంటారా? తీసెయ్యండి."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "అయ్యో, మాకా సంగతి తెలీదు కదండీ" అంది. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి, కాగితం ఒకటి పట్టుకొచ్చింది. కింద నా సంతకం, వంకర లేకుండా, ముచ్చటగా ఉంది. "సీజను అయ్యేదాకా మా చేతుల్లో లేదండీ. తర్వాత ఎలాగూ మార్చేస్తాం. నన్ను క్షమించండి." నిజంగానే బాధపడింది. ఎవరిని తిట్టాలో తెలియక మా ఆవిడ మెట్లు దిగుతూ నన్ను తిట్టింది. పెళ్లయ్యాక మొదటిసారి వీధిలో, నలుగురి ముందు. నేను వింటూ పక్కన నడిచాను.

ఆ మిగిలిన రోజులు ఎటు వెళ్లినా నాకు నేనే ఎదురొచ్చేవాణ్ణి. గడ్డం పెంచాను. టోపీ ఎలాగూ లేదు.

మొదటి వాన పడ్డ ఆదివారం మేడ మీది గదికి కొత్త మనిషి వచ్చాడు. ఇళ్లకి రంగులు వేసేవాడు. చెవుల వెనక తెల్లసున్నం ఇంకా అంటుకునే ఉంది. తడిసిన చొక్కాతో కుర్చీ అంచున కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు నేలకేసి చూస్తూ చెప్పాడు.

"నాలుగు నెలలు ముట్టుకోలేదండీ. సినిమావాళ్ల బొమ్మలు పెట్టినా నాకేం అనిపించదు. వాళ్ల బతుకులు వేరు. మా స్టాపులో ఒక డ్రైవరు బొమ్మ పెట్టారు. మనలాంటివాడేనండీ. చేతులు చూస్తేనే తెలుస్తుంది. రోజూ పని దిగి అక్కడే బస్సు కోసం నిలబడాలి. వాడు అంత హాయిగా ఉన్నాడు, నేనేం పాపం చేశాను అనిపించింది. పదిరోజులు ఓర్చుకున్నా. పదకొండో రోజు..." అని ఆపేశాడు.

పెద్దాయన నాకేసి చూడలేదు. కావాలనే చూడలేదు. కొత్తమనిషి నన్ను గుర్తుపట్టలేదు. మాట్లాడకుండా కూర్చుంటే ఎప్పటికీ గుర్తుపట్టడు.

"ఆ డ్రైవర్ని నేనేనండీ" అన్నాను.

అతను తలెత్తాడు. గడ్డాన్ని, కళ్లని, చేతుల్ని చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మరి ఆ నవ్వు?"

"నిజమైందే. ఆ తర్వాత గంటలోనే నా డ్రైవరు సీటు పోయింది."

రంగు పట్టిన వేళ్లతో ముఖం తుడుచుకున్నాడు. "రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఇంటికి వేరే దారి ఏదైనా ఉందా?" అన్నాడు.

ఆ ఊళ్లో నాకు తెలియని దారి లేదు. అతని పని ఎక్కడో, ఇల్లెక్కడో అడిగాను. పెద్దాయన కాగితం, పెన్సిలు ఇచ్చాడు. బజారు రోడ్డు గీసి కొట్టేశాను, అక్కడ రెండు బోర్డులున్నాయి. వంతెన దారి గీసి కొట్టేశాను. ఆస్పత్రి ముందునుంచి వద్దు. కోర్టు పక్కనుంచి వద్దు. చివరికి చింకిపాతల గోడౌన్ల వెనకనుంచి, రైలు పట్టాల పక్కన ఒక సందు తేలింది. పావుగంట ఎక్కువ నడవాలి.

"ఇందులో ఏమీ లేవా?" అన్నాడు, కాగితం మీద వేలు పెట్టి.

"రైల్వే గేటు దగ్గర ఒకటుంది" అన్నాను. "అక్కడ మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కన నడువు."